ఊరు పేరు ఉంచండి

‘మా పెద్దమ్మ వాళ్లది ఘంటసాల’ అని ఎవరితో అన్నా ముందు పాటే వస్తుంది. ఆటో అతను కూనిరాగం తీస్తాడు. ఆఫీసులో సీనియర్లయితే ఏకంగా పద్యమే అందుకుంటారు. అందరికీ అది గాయకుడి పేరు. ఆ పేరుతో కృష్ణా జిల్లాలో ఒక ఊరుందంటే ‘అవునా!’ అంటారు. ఆ ఊరు ఒకప్పుడు విదేశీ ఓడల లెక్కల్లోకెక్కిన వర్తక పట్నమంటే మాత్రం నవ్వేస్తారు.

నవ్వడంలో వాళ్ల తప్పేం లేదు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిపిన నాక్కూడా ఆ ఊళ్లో సముద్రం జాడ కనిపించలేదు. ఎటు చూసినా పొలాలు, కాలువ గట్లు, గడ్డివాములు. సముద్రం చూస్తామని పేచీ పెడితే పెదనాన్న మమ్మల్ని బస్సెక్కించి బందరు, అక్కణ్నుంచి మంగినపూడి తీసుకెళ్లేవాడు. ఇప్పుడైనా అంతే. ఘంటసాలకు సముద్రం ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం.

కానీ రెండో శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండి ప్రపంచంలోని ఊళ్లన్నిటికీ పట్టిక రాసిన టాలెమీ మన తీరాన్ని వదల్లేదు. దీనికి ఆయన పెట్టిన పేరు మైసోలియా. ఇక్కడి ఊళ్లలో ‘కొంటకొస్సుల’ ఒకటి. దాని పక్కన ‘ఎంపోరియన్’ అని కూడా రాశాడు. అంటే దూరదేశాల సరుకు దిగే పట్నం. ఈ తీరం దాటాక ఓడలు ఒడ్డు వదిలి నడిసముద్రం మీదుగా సువర్ణభూమి వైపు మళ్లే చోటొకటి ఉందనీ చెప్పాడు. అంతకు ముందే, ఒకటో శతాబ్దంలో, పేరు తెలియని ఒక గ్రీకు రచయిత ఎర్రసముద్రం నుంచి మన దాకా రేవుల గురించి ఓ చిన్న పుస్తకం రాశాడు. అందులో ఇది ‘మసాలియా’. ఇక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయన్నది అతగాడి కబురు. పెడన, బందరు కలంకారీ చీరలు కొనుక్కునే ఆడపడుచులకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోరేమో!

గ్రీకువాళ్ల చెవికి అలా వినిపించింది సరే, ఊరివాళ్లు తమ ఊరిని ఏమనుకునేవాళ్లు? దానికి జవాబు ఘంటసాల రాళ్ల మీదే దొరికింది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న దాన శాసనాలవి. డచ్చి పండితుడు వోగెల్ వాటిని చదివి 1940ల్లో ప్రచురించాడు. అందులో ఊరి పేరు ‘కంటకసోల’. టాలెమీ ఎంత దగ్గరగా విన్నాడో చూడండి. ఆ రాళ్లలోనే ఇంకో పేరుంది... మహానావికుడు శివకుడు. ఊరి పేరు, ఓడ నడిపే పెద్ద పేరు ఒక్క చోటే దొరికాక ఇంక అది రేవు కాదనడానికి ఏముంది?

మహానావికుడు అనేది ఊరికే తగిలించుకున్న బిరుదు కాదు. మలేసియాలోని కెడా ప్రాంతంలో బుద్ధగుప్తుడనే మరో మహానావికుడి శాసనం దొరికింది. ఐదో శతాబ్దం నాటిది. ఆయనది బెంగాల్లోని రక్తమృత్తిక. సముద్రానికి ఆ ఒడ్డున, ఈ ఒడ్డున అదే హోదా. రాజుల పేర్లూ వాళ్లు గెలిచిన యుద్ధాలూ బళ్లో బట్టీ పట్టాం. ఓడ నడిపిన మనిషి పేరు ఒక్కటైనా పుస్తకంలో ఉంటే గుర్తుండేది.

ఘంటసాలలో ఒక పెద్ద దిబ్బ ఉంది. ఊళ్లో దానికున్న పాత పేరు ఇక్కడ రాయలేను, ఇంటిల్లిపాదీ చదివే పేజీ ఇది. వేశ్య దిబ్బ అని దాని భావం అనుకోండి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో బౌద్ధ స్తూపాల దిబ్బలకు ఇలాంటి పేర్లే ఉన్నాయి. భట్టిప్రోలు దిబ్బదీ అదే కథ. అక్కడ ఏముండేదో మర్చిపోయిన జనం ఏదో ఒక కథ కల్పించుకోవాలిగా. మర్చిపోతే పోయారు, తిట్టెందుకు కలిపారన్నది నాకు చిన్నప్పటినుంచీ అర్థం కాదు. మా పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ ‘దిబ్బ’ అని ఊరుకునేది.

ఆ దిబ్బను తవ్వించింది అలెగ్జాండర్ రే. మద్రాసు ప్రభుత్వ పురావస్తు శాఖలో పనిచేసిన ఆ ఇంగ్లిషు దొర భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల తవ్వకాల వివరాలను 1894లో పుస్తకంగా తెచ్చాడు. ఘంటసాలలో బయటపడింది స్తూపం. మధ్యలో ఇటుకలతో చదరపు కట్టడం, చుట్టూ గుండ్రటి గోడ, ఆ రెంటినీ కలుపుతూ బండిచక్రం ఆకుల్లా అడ్డగోడలు. మధ్య ఖాళీలన్నీ మట్టితో కూరారు. మొత్తం ఇటుకతోనే కడితే ఎంత ఖర్చు! ఒండ్రునేలలో అంత బరువు ఆగాలి కూడా. డెల్టాలో పుట్టి పెరిగిన మేస్త్రి బుర్రలోనే ఇలాంటి ఉపాయం పుడుతుందని నా నమ్మకం. ఇక్కడి సున్నపురాయి శిల్పాల్లో కొన్ని ఇప్పుడు ప్యారిస్‌లో, గీమే మ్యూజియంలో ఉన్నాయి. అవీ సముద్రం దాటే వెళ్లాయి. కాకపోతే ఈసారి మన నావికులు తీసుకెళ్లలేదు.

ఘంటసాల నయం. భట్టిప్రోలు స్తూపం ఇటుకల్నీ రాళ్లనీ 19వ శతాబ్దంలో రోడ్లకూ కాలువ పనులకూ వాడేశారు. అమరావతి సంగతి సరేసరి. ఎన్నో శిల్పాలు లండన్‌లో ఉన్నాయి.

అసలు మట్టిలోంచి వర్తకాన్ని ఎలా పట్టుకుంటారు? బంగారం దొరికితే వార్త అవుతుంది కానీ, ఈ పని చేసేవాళ్లకు ఎక్కువ అక్కరకొచ్చేది కుండపెంకు. ఒక రకం పళ్లెం ఉంది. పల్చగా, నున్నగా, ఎక్కువగా బూడిద రంగులో ఉంటుంది. లోపల అడుగున సన్నటి గాట్లతో వలయాలు ఉంటాయి, జంతిక చుట్టినట్టు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్ ఈ పళ్లేలు రోము సామ్రాజ్యం నుంచి దిగుమతి అయ్యాయనుకున్నాడు. తర్వాత మట్టిని పరీక్షిస్తే అది మన దేశపు మట్టేనని తేలింది. ఈ పెంకులు మన తూర్పు తీరం పొడుగునా ఉన్నాయి. శ్రీలంకలో ఉన్నాయి. జావాలో ఉన్నాయి. బాలి దీవి ఉత్తర తీరాన సెంబిరన్ అనే ఊళ్లో 1980ల చివర్లో జరిపిన తవ్వకాల్లోనూ దొరికాయి. ఆ చిన్న చిన్న దీవుల ఒడ్డున ఇలాంటి రేవు పల్లెలే ఉండేవన్నమాట. పళ్లెం పగిలింది కాబట్టి అక్కడే పారేశారు, పారేశారు కాబట్టి మనకు తెలిసింది. పగలని పళ్లేలు ఎన్ని ఏ దీవి దాకా వెళ్లాయో!

రాజుల నాణేలు కూడా ఇదే చెబుతాయి. శాతవాహనులు రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. నది పైకి వెళితే ధరణికోట. అక్కడ 1960ల్లో తవ్వినప్పుడు పడవలు ఆగే రేవుకట్ట, కృష్ణ నుంచి లోపలికి తీసిన కాలువ బయటపడ్డాయి. సముద్రం నుంచి అంత దూరంలో! అమరావతి రాళ్ల మీద దానం ఇచ్చినవాళ్లలో మన కంటకసోల ఊరి మనుషులూ ఉన్నారు. రాయీ, బట్టా, మనుషులూ అంతా ఆ నది మీదే తిరిగేవారు. పల్నాటి సున్నపురాయి శిల్పాలు శ్రీలంకలోనూ దొరికాయంటే, అవి ఈ నదీముఖం దాటకుండా అటెలా పోతాయి?

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి శివకుడు కాదు, బోధిసిరి. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల వీరపురుషదత్తుడి పాలనలో నాగార్జునకొండ దగ్గర ఒక శాసనం వేయించిన ఉపాసిక. తామ్రపర్ణి, అంటే శ్రీలంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆవిడ చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువుల సంప్రదాయం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవన దేశాలదాకా ధర్మాన్ని చేర్చిందని ఆ శాసనంలోనే ఉంది. తర్వాత తను ఇంకా ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో జాబితా ఇచ్చింది. ఈ ఊళ్లో చెరువు, ఆ ఊళ్లో స్తంభాలు, పుష్పగిరిలో రాతి మండపం... అలా చెబుతూ, కంటకసేలలో మహాచైత్యానికి తూర్పు వాకిట రాతి మండపం అని రాయించింది. ఎక్కడి నాగార్జునకొండ, ఎక్కడి ఘంటసాల! చుట్టాల పేర్లన్నీ కూడా వరసపెట్టి చెప్పించింది. ఒక్కళ్లను వదిలితే ఎవరికి కోపం వస్తుందోనని అనుకుందో ఏమో.

ఇది చదివినప్పుడు మా బోరబండ గుళ్లు గుర్తొచ్చాయి. మా కాలనీలో ఏ గుడికి వెళ్లినా ట్యూబులైటు మీద వెలుతురుకంటే పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. ఫ్యాను రెక్క మీద దాత పేరు, గోడ గడియారంలో దాత పేరు, మెట్టు మెట్టుకీ ఒక కుటుంబం. ఫలానా వారి జ్ఞాపకార్థం, ఫలానా ఊరు. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, నల్గొండ, నెల్లూరు. బోరబండలో పుట్టి పెరిగినవాళ్లు లేరని కాదు. కానీ సైట్-3 బస్టాపులో నిలబడి పదిమందిని ‘మీదే ఊరు?’ అని అడిగితే పది జవాబులొస్తాయి. కూలికొచ్చినవాళ్లు, డ్రైవర్లు, చిన్న ఉద్యోగులు, 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ కంపెనీల్లో కాపలాకూ క్యాంటీనుకూ క్యాబులకూ వచ్చినవాళ్లు. ఎంఎంటీఎస్ ఎక్కితే పక్క స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ తయారయ్యే సరుకు ఓడ ఎక్కదు, అయినా సముద్రాలు దాటే పోతుంది.

రెండేళ్ల కిందట మా వీధి గుడికి మండపం వేస్తుంటే అమ్మ 5,116 రూపాయలు ఇస్తానంది. తమ్ముడి పేరు మీద. అమ్మ పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గర. ద్వీపం అన్న మాటే నలిగి దివి అయిందంటారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, రెండు వైపులా నది, ముందర సముద్రం. అలాంటి చోట 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి అమ్మకు పదేళ్లు, మావయ్యకు ఆరు. ఉప్పెన వెళ్లాక అమ్మ ఉంది, మావయ్య లేడు. పదివేల మంది దాకా పోయారని లెక్క. అమ్మ ఆ లెక్క ఎప్పుడూ చెప్పదు. అవనిగడ్డ దగ్గర స్మారక స్తూపం ఉంది, బస్సు అటు వెళ్లినప్పుడు కిటికీలోంచి చూడదు కూడా.

కమిటీ పెద్దాయన నోటుబుక్కుతో ఇంటికొచ్చాడు. పేరు చెప్పింది, గోత్రం చెప్పింది. ‘ఊరమ్మా?’ అన్నాడు.

‘కోడూరు, దివి తాలూకా.’

‘గట్ల కాదమ్మా, మీరుండేది బోరబండనే గదా. ముప్పై ఏండ్లకెల్లి ఉంటున్రు.’

‘మేం ఉంటున్నాం నాయనా. వాడు లేడుగా ఇక్కడ.’

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘పలక చిన్నదమ్మా, లైన్ల పడ్తలేదు. ఒక్కటేదో తీసెయ్యాలె’ అన్నాడు.

‘అయితే గోత్రం తీసెయ్. ఊరు పేరు మాత్రం ఉంచు’ అంది అమ్మ.

పండక్కీ పబ్బానికీ గోత్రనామాలతో అర్చన చేయించే మనిషి! ఇప్పుడా పలక మండపంలో మూడో స్తంభం మీద ఉంది. పేరు, కింద ‘కోడూరు వాస్తవ్యులు’. పెళ్లిశుభలేఖల్లోనూ దస్తావేజుల్లోనూ మనం రాసుకునే ఈ వాస్తవ్యులు అనే మాట కృష్ణాతీరపు ప్రాకృత శాసనాల్లో ‘వాథవ’. రాయి మారింది, లిపి మారింది, గుడిలో దేవుడు మారాడు. పేరు పక్కన ఊరు రాయించుకునే పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

సముద్రంతో బతికేవాళ్లకు గాలివాన కొత్త కాదు. ఆ భయాన్ని రాతి మీద పెట్టిన రాజు కూడా ఒకడున్నాడు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది. గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, మణులు అన్నిటినీ పాత రాజులు లాగేసుకునేవారట. మేం అలా చెయ్యం, న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టుకోం అని గణపతిదేవుడు మాటిచ్చాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీదకు వచ్చినవాళ్ల మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ అని కారణాలు చెప్పాడు. కింద సుంకాల పట్టీ... చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, మిరియాలు, వక్కలు. దయతో పాటు లాభం లెక్క కూడా ఉందనుకోండి. మునిగినవాడి దగ్గర గుంజుకుంటే రెండో ఓడ రాదు. ఆ తర్వాత యాభై ఏళ్లకు మార్కోపోలో ఈ తీరానికి వచ్చి, ఇక్కడి బట్టల్ని సాలెగూడుతో పోల్చాడు.

మరి ఘంటసాల ఏమైంది? ఎవరూ దాడి చేసి తగలబెట్టలేదు. నది తెచ్చిన ఒండ్రే దాన్ని మెల్లగా సముద్రానికి దూరం చేసింది. పెద్ద వాన పడ్డప్పుడల్లా కృష్ణ ఇంత మట్టి తెచ్చి ముందర పోస్తుంటే, ఓడలు నీళ్లున్న చోటికి జరిగాయి. ఊరు జరగలేదు. ఇప్పటికీ ఊళ్లో శివుడి పేరు జలధీశ్వరుడు. జలధి అంటే సముద్రం. అభిషేకం నీళ్లు మాత్రం ఇరవై కిలోమీటర్ల అవతలి సముద్రానివి కావు.

వ్యాపారం తర్వాత బందరుకు చేరింది. 1600ల మొదట్లోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు అక్కడ దిగారు. 1864 నవంబరు ఉప్పెనలో బందరులో దాదాపు ముప్పై వేల మంది పోయారు. ఆ పట్నం మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. 2023లో అక్కడ కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ఇంకో తమాషా... ఆనకట్టలు కట్టాక నది తెచ్చే ఒండ్రు తగ్గింది, ఒకప్పుడు ముందుకు పెరిగిన తీరం ఇప్పుడు కొన్ని చోట్ల కోసుకుపోతోంది. సముద్రం తిరిగొస్తోందని మా పెద్దమ్మతో అంటే, ‘రానీ, దాని ఊరు అదేగా’ అని నవ్వేసింది.

నా బెంగ సముద్రం గురించి కాదు, పొక్లెయిన్ గురించి. స్తూపం ఉన్న దిబ్బకు పురావస్తు శాఖ కంచె ఉంది. కానీ పట్నమంటే ఒక్క స్తూపమేనా? నేతగాళ్ల ఇళ్లు, గిడ్డంగులు, పడవలు కట్టుకున్న చోటు, కల్లు దుకాణం, అన్నీ చుట్టుపక్కల పొలాల కింద ఉంటాయి. డెల్టాలో చేపల చెరువులూ రొయ్యల చెరువులూ తవ్వినంత జోరుగా ఇంకేదీ తవ్వడం లేదు. పురావస్తువాళ్లు బ్రష్షుతో నెలలు పట్టే లోతును యంత్రం ఒక పూటలో తోడేస్తుంది. రైతును తప్పుపట్టి లాభం లేదు, వరిలో ఎంత మిగులుతుందో పెదనాన్న లెక్కల పుస్తకం చూశాను. కాకపోతే చెరువు తవ్వే ముందు ఒక మనిషి వచ్చి చూసి, రాసుకుని, ఫొటో తీసుకుని వెళ్లే ఏర్పాటు ఉండాలి. అంత కష్టమేం కాదు.

పోయిన ఆషాఢంలో ఘంటసాల వెళ్లినప్పుడు పెదనాన్న పొలం దాకా తీసుకెళ్లాడు. నాగలి నాటి నుంచి ట్రాక్టరు దాకా ఆయనకో అలవాటు. కర్రుకు తగిలిన పెంకుల్ని విసిరెయ్యడు, ఏరి గట్టు మీద వరసగా పెడతాడు. ఎందుకంటే, ‘కాళ్లకు గుచ్చుకుంటాయిరా’ అంటాడు. ఆ వరసలో ఒక ముక్క పల్చగా, నున్నగా, బూడిద రంగులో ఉంది. ఒండ్రు పట్టి ఉంటే తుడిచి చూశాను. వలయాలు లేవు, ఉత్త పెంకే. మళ్లీ అక్కడే పెట్టాను. అప్పటికే కాలువకు నీళ్లొదిలారు. నారు మోపులతో ఆడవాళ్లు చేలోకి దిగుతూ, గట్టు మీద ఎవరో కొత్తమనిషి ఉన్నారని చూసి, ‘ఏ ఊరు బాబూ మీది?’ అని అడిగారు.